వెన్ను వంచని మనిషి

బరువు ఎత్తడం మన వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కొండ మీది నుంచి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని దిగే అమ్మ, సంతకు చింతపండు కావడి మోసే నాన్న, రోడ్డు లేని ఊరి నుంచి నిండు గర్భిణిని డోలీలో ఆసుపత్రికి చేర్చే కుర్రాళ్లు, వీళ్లు మోసిన బరువును ఎవరూ తూకం వేయలేదు. ఏ పుస్తకంలోనూ రాసిపెట్టలేదు. అదే బరువును వేదిక మీద, ముగ్గురు న్యాయనిర్ణేతల ఎదుట ఎత్తితే రికార్డు అవుతుంది. పేరు పత్రికలోకి ఎక్కుతుంది.

మరి ఆ వేదిక ఎక్కడానికి ఎవరిని రానిస్తారు? బలం ఉన్న వాళ్లందరినీనా?

ఈ ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి జీవితం చెబుతాను. ఆయన పేరు ప్రెషస్ మెకంజీ. ఎత్తు అయిదడుగులు కూడా లేదు. మన బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు కొందరు ఆయన కంటే పొడుగ్గా ఉంటారు. ఆ మనిషి కామన్వెల్త్ క్రీడల్లో వరుసగా నాలుగుసార్లు స్వర్ణం గెలిచాడు. పవర్‌లిఫ్టింగ్‌లో పలుమార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కానీ పుట్టిన దేశం తరఫున ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు.

పుట్టుక

మెకంజీ 1936 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టాడు. డర్బన్ మనకు పూర్తిగా పరాయి ఊరేం కాదు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను ఎక్కించుకుని చేరింది ఆ రేవుకే. తర్వాత యాభై ఏళ్ల పాటు మన తీర జిల్లాల తెలుగువాళ్లు కూడా ఆ ప్రాంతపు చెరుకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

మెకంజీ కుటుంబం ఈ కూలీల కుటుంబం కాదు. ఆ దేశపు ప్రభుత్వ భాషలో వాళ్లు 'కలర్డ్', అంటే రకరకాల జాతుల రక్తం కలిసినవాళ్లు. బిడ్డ పుట్టినప్పుడు బతకడన్నారు. బతికాడు. అందుకే అమూల్యమైనవాడు అనే అర్థం వచ్చేలా ప్రెషస్ అని పేరు పెట్టారు. ఊహ తెలియకముందే తండ్రిని మొసలి పొట్టన పెట్టుకుంది. తల్లి సాకలేకపోయింది. అతనూ అక్కా పరాయి ఇళ్లలో పెరిగారు. ఆ ఇళ్లలో తిండి కంటే దెబ్బలే ఎక్కువ తిన్నారు.

ఆ పిల్లవాడికి ఒకే కోరిక ఉండేది. సర్కస్‌లో చేరి పల్టీలు కొట్టాలి. ఒళ్లు చిన్నది, చురుకైనది, విల్లులా వంగుతుంది. కానీ తెల్లవాడు కాదు కాబట్టి సర్కస్‌లోకి రానివ్వలేదు. మన పార్వతీపురం మన్యం జిల్లా వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు బ్రిటిష్ వాళ్లు ఏలే రోజుల్లోనే సొంతంగా సర్కస్ కంపెనీ నడిపాడు. లండన్‌లో కూడా బల ప్రదర్శన చేశాడు. వలస పాలన కిందనే ఒకచోట బలవంతుడు సర్కస్‌కు యజమాని కాగలిగాడు. మరోచోట ఒక కుర్రాడికి గుడారం లోపలికి దారే లేకపోయింది.

సర్కస్ కోసం ఒళ్లు గట్టిపరచుకుందామని మొదలుపెట్టిన కసరత్తు అతన్ని బరువుల దగ్గరికి తెచ్చింది. పీటర్‌మారిట్స్‌బర్గ్ అనే ఊళ్లో బూట్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ, సాయంత్రాలు ఇనుము ఎత్తడం నేర్చుకున్నాడు. 1893లో గాంధీని మొదటి తరగతి రైలు పెట్టె నుంచి దించేసిన స్టేషను ఆ ఊరిదే.

చట్టం గీసిన గీత

దక్షిణాఫ్రికాలో రంగును బట్టి చిన్నచూపు మొదటి నుంచీ ఉంది. 1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చాక దాన్ని పూర్తి స్థాయి చట్టంగా మార్చింది. దాని పేరే అపార్తైడ్. 1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. ఎవరు ఏ జాతో తేలకపోతే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు. జారి పడితే ఒక జాతి, నిలిచిపోతే మరో జాతి. అన్నదమ్ములు వేరే వేరే జాతులుగా నమోదైన ఇళ్లు ఉన్నాయి.

ఇక్కడ మన పిల్లలకు ఒక తేడా వివరించాలి. మన చేతిలో ఉండే కుల ధ్రువీకరణ పత్రం హక్కును అందుకోవడానికి. అక్కడి జాతి కార్డు హక్కును తీసేసుకోవడానికి. నువ్వు ఎక్కడ ఉండాలో, ఏ బడిలో చదవాలో, ఎవరిని పెళ్లాడకూడదో ఆ కార్డే చెప్పేది. ఏ ఆట ఎవరితో ఆడాలో కూడా. తెల్లవాళ్లూ ఇతరులూ ఎవరి ఆటలు వాళ్లే వేరుగా ఆడుకోవాలని 1956లో ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించింది. అంతర్జాతీయ పోటీలకు దేశం పేరుతో వెళ్లే జట్టు తెల్లవాళ్లదే.

మెకంజీ మొదటివాడు కాదు. ఆయన కంటే ముందు రాన్ ఎలండ్ అనే కలర్డ్ లిఫ్టర్ ఉన్నాడు. పోర్ట్ ఎలిజబెత్ నగరంలో మైలో పిళ్లై అనే భారతీయ సంతతి గురువు దగ్గర తయారైనవాడు. సొంత దేశం పంపకపోతే ఎలండ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున బరిలోకి దిగాడు. అంటే మెకంజీ పన్నెండేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పటికే ఆ దారి ఒకటి పడి ఉంది. దేశంలో తలుపు మూస్తే దేశం దాటాలి.

ఒప్పుకోని షరతు

ఆ రోజుల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో మూడు రకాల ఎత్తులు ఉండేవి. భుజాల దగ్గరి నుంచి చేతుల బలంతోనే పైకి నెట్టే ప్రెస్ 1972 ఒలింపిక్స్ తర్వాత పోయింది. ఒక్క ఊపున తలపైకి లేపే స్నాచ్, భుజాల దాకా తెచ్చి అక్కడి నుంచి పైకి నెట్టే క్లీన్ అండ్ జెర్క్ మిగిలాయి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఈ రెండింట్లో 110, 130 కిలోలు ఎత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చిన సంగతి మనకు తెలుసు.

మెకంజీ ఈ ఆటలో తన బరువు తరగతిలో దేశంలోనే మేటి అయ్యాడు. 1958లో కార్డిఫ్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. ఎంపిక చేయలేదు. 1960లో రోమ్ ఒలింపిక్స్ జరిగాయి. ఎంపిక చేయలేదు. ఇనుప దిమ్మెకు రంగు తెలియదు. ఎవరు ఎత్తినా దాని బరువు దానిదే. అందుకే ఈ ఆటలో అన్యాయాన్ని దాచడం కష్టం. పరుగులోనో, పాటలోనో 'వాడి కంటే వీడు మెరుగు' అని వాదించవచ్చు. కిలోల దగ్గర వాదన ఉండదు. ఎవరెంత ఎత్తారో అందరికీ కనబడుతూనే ఉంది. అయినా జట్టులో పేరు లేదు.

అప్పటికి బయటి ప్రపంచం నుంచి ఒత్తిడి పెరుగుతోంది. పోర్ట్ ఎలిజబెత్‌లోనే బడిపంతులుగా పనిచేసిన కవి డెన్నిస్ బ్రూటస్, జాతి భేదం పాటించే దేశాన్ని ఒలింపిక్స్‌కు రానివ్వకూడదని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ సంఘం కట్టాడు. మనలాంటి ఒక టీచరు, చేతిలో కలం తప్ప ఏమీ లేనివాడు, ఒక ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టాడు. 1963లో ఆయన తప్పించుకోబోతుండగా పోలీసులు తుపాకీతో కాల్చారు. బతికాడు. తర్వాత రాబెన్ దీవి జైలుకు పంపి రాళ్లు కొట్టించారు.

ఆ 1963లోనే మెకంజీ ముందుకు ఒక అవకాశం వచ్చింది. స్టాక్‌హోమ్‌లో ప్రపంచ పోటీలు. ఈసారి నువ్వూ రావచ్చు అన్నారు. అయితే ఒక షరతు. తెల్ల జట్టుతో కలిసి ఉండకూడదు, వేరుగా ఉండాలి.

ఒక్క క్షణం ఆయన స్థానంలో మనం నిలబడి ఆలోచిద్దాం. వయసు 27. బరువులు ఎత్తేవాడికి అవి పండు వయసు రోజులు. అయిదేళ్లుగా ఎదురుచూస్తున్న తలుపు సగం తెరుచుకుంది. తల వంచి లోపలికి వెళ్తే చాలు. తన చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది 'ఏదో ఒకటి, ముందు వెళ్లు' అని ఉంటారు. మనమైనా అదే అనేవాళ్లమేమో. పైగా బయటి దేశాలకు చూపించడానికే ఆ సగం తలుపు తెరిచారు. 'చూడండి, మా దగ్గర కలర్డ్ మనిషి కూడా ఆడుతున్నాడు' అని చెప్పుకోవడానికి ఆయన కావలసి వచ్చాడు.

మెకంజీ వెళ్లనన్నాడు.

ఆయన గెలిచిన పతకాలన్నీ ఒక వైపు పెట్టి, ఈ ఒక్క మాట మరో వైపు పెట్టి తూస్తే ఇదే బరువైనదని నా నమ్మకం. గెలిచాక మర్యాద దొరకడం వేరు. గెలవకముందే, ఏమీ చేతిలో లేనప్పుడే, మర్యాద లేని చోటికి రానని చెప్పడం వేరు.

కొత్త దేశం

1964లో ఆయన భార్యతో, పిల్లలతో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. నార్తాంప్టన్ అనే ఊరు బూట్ల పరిశ్రమకు పేరుపడింది. చేతిలో ఉన్న పని అదే కాబట్టి అక్కడ కుదిరాడు. పగలు బూట్ల ఫ్యాక్టరీ, సాయంత్రం బరువులు. మామూలుగా పౌరసత్వానికి ఏళ్ల తరబడి ఆగాలి. అప్పటి బ్రిటన్ క్రీడా మంత్రి డెనిస్ హావెల్ చొరవ తీసుకోవడంతో ఆ పని త్వరగా అయింది. 1966లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో మెకంజీ ఇంగ్లండ్ తరఫున బాంటమ్‌వెయిట్‌లో, అంటే 56 కిలోల లోపు తరగతిలో, స్వర్ణం గెలిచాడు. అప్పటికి వయసు 30. దక్షిణాఫ్రికా 1961లోనే కామన్వెల్త్ నుంచి బయటికి పోయింది. ఆ క్రీడల్లో ఆ దేశపు జెండాయే లేదు. గెంటేసినవాళ్లు బయట ఉన్నారు, గెంటించుకున్నవాడు పీఠం మీద నిలబడ్డాడు.

1970లో ఎడిన్‌బరోలో, 1974లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో మళ్లీ స్వర్ణాలే. 1974లో బ్రిటన్ ఎంబీఈ గౌరవం ఇచ్చింది. ఆ క్రీడల తర్వాత కుటుంబంతో న్యూజిలాండ్‌లో స్థిరపడ్డాడు. 1978లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఈసారి న్యూజిలాండ్ జెర్సీ వేసుకుని నాలుగో స్వర్ణం గెలిచాడు. అప్పటికి వయసు 42.

1968లో మెక్సికో, 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లోనూ బ్రిటన్ తరఫున ఎత్తాడు. పతకం రాలేదు. 24 ఏళ్ల వయసులో దక్కాల్సిన ఒలింపిక్ వేదిక 32 ఏళ్లకు దక్కింది. పోయిన ఆ ఏళ్లను ఏ పౌరసత్వమూ తిరిగి ఇవ్వలేదు. కష్టపడితే ఎప్పటికైనా అన్నీ వస్తాయని పిల్లలకు చెబుతుంటాం. అన్నీ రావు. వివక్ష కొన్నింటిని శాశ్వతంగా తినేస్తుంది.

పవర్‌లిఫ్టింగ్ అప్పుడప్పుడే ఒక ఆటగా నిలదొక్కుకుంటోంది. భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్, బల్ల మీద వెల్లకిలా పడుకుని ఛాతీ మీది నుంచి పైకి నెట్టే బెంచ్ ప్రెస్, నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా లేపే డెడ్‌లిఫ్ట్, ఈ మూడే అందులో ఉంటాయి. తలపైకి విసిరే ఒడుపు కంటే నడుమూ కాళ్లూ ఛాతీల మొద్దు బలానికి అక్కడ పరీక్ష. 1972లో దీనికి అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆ తొలి తరం చాంపియన్లలో మెకంజీ ఒకడు. 1979లో ఆక్లండ్‌లో, 43 ఏళ్ల వయసులో, మూడు ఎత్తులూ కలిపి 600 కిలోలు దాటాడు. అంటే తన ఒంటి బరువుకు పది రెట్ల పైమాటే. ఆ తర్వాత పెద్ద వయసువాళ్లకు జరిపే పోటీల్లోనూ చాలా ఏళ్లు ఎత్తుతూనే ఉన్నాడు.

చిక్కు లేని కథ కాదు

మెకంజీ వెళ్లి స్థిరపడిన న్యూజిలాండ్‌కు రగ్బీ అంటే ప్రాణం. దక్షిణాఫ్రికా తెల్ల జట్టుతో ఆడటం ఆ దేశం మానలేదు. 1976లో న్యూజిలాండ్ రగ్బీ జట్టు దక్షిణాఫ్రికా పర్యటనకు వెళ్లింది. సోవెటోలో బడిపిల్లల మీద కాల్పులు జరిగిన ఏడాది అది. అందుకు నిరసనగా ఇరవైకి పైగా ఆఫ్రికా దేశాలు ఆ ఏటి మాంట్రియల్ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. 1981లో దక్షిణాఫ్రికా జట్టే న్యూజిలాండ్ వస్తే, అక్కడి మావోరీ ఆదివాసులూ తెల్లవాళ్లూ కలిసి మైదానాల్లోకి దూసుకెళ్లి అడ్డుకున్నారు. ఏ ఒక్క దేశమూ పూర్తిగా మంచిది కాదని, ప్రతి దేశంలోనూ అటూ ఇటూ నిలబడే మనుషులు ఉంటారని ఇది చెబుతుంది.

ఇంకో చిక్కు ఉంది. మెకంజీ వెళ్లగలిగాడు. వెళ్లలేనివాళ్లు ఎంతమంది? ఊరి వ్యాయామశాలల్లో ఇనుము ఎత్తి, ఏ పోటీకీ పోలేక, ముసలివాళ్లైపోయినవాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. దేశం దాటిన ఒక్కడి కథ చదివి మనం పొంగిపోతే సరిపోదు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికాను రానివ్వకపోవడం, 1970లో ఒలింపిక్ ఉద్యమం నుంచే బహిష్కరించడం జరిగింది బ్రూటస్ లాంటివాళ్లు కట్టిన సంఘాల వల్ల, వెలుపలి దేశాల పట్టుదల వల్ల. ఒక మనిషి 'రాను' అన్న మాటకు వెనక అలాంటి సంఘం ఉన్నప్పుడే అది చట్టాన్ని కదిలిస్తుంది.

ఆట తర్వాత

చాలామంది ఆటగాళ్ల కథ ఆఖరి పతకంతో ముగుస్తుంది. మెకంజీ కథలో నాకు అన్నిటి కంటే ఇష్టమైన భాగం ఆ తర్వాతే మొదలవుతుంది. న్యూజిలాండ్‌లో ఆయన ఫ్యాక్టరీలకూ గోదాములకూ వెళ్లి, బరువులు మోసే కార్మికులకు నడుము చెడకుండా ఎత్తడం ఎలాగో నేర్పడం వృత్తిగా పెట్టుకున్నాడు. చాంపియన్ తనకు తెలిసిన విద్యను తిరిగి కూలీ చేతిలో పెట్టాడు.

ఆ విద్య మనకూ కావాలి. గునపంతో బండను లేపే లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. ముందుకు వంగి 20 కిలోల బస్తాను వెన్నెముకకు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నామనుకుందాం. వెన్నెముక వెనక ఉండే కండరాలకు లాగడానికి దొరికే దూరం సుమారు 5 సెంటీమీటర్లే. ఎనిమిదో వంతు దూరం కాబట్టి ఎనిమిది రెట్ల బలం కావాలి. అంటే ఆ బస్తా ఒక్కదానికే నడుము మీద 160 కిలోల లాగుడు పడుతుంది. అదే బస్తాను ఒంటికి ఆనించి, వెన్నెముకకు 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే లాగుడు 80 కిలోలకు దిగుతుంది. బస్తా అదే, మనిషి అదే, నడుముకు సగం భారం తగ్గింది.

అందుకే ఈ విద్యలో మొదటి పాఠం ఇది. బరువుకు దగ్గరగా నిలబడు. పాదాలు ఎడంగా పెట్టు. మోకాళ్లు వంచు, వెన్ను వంచకు. బరువును ఒంటికి హత్తుకుని కాళ్ల బలంతో లే. పక్కకు తిరగాలంటే నడుము మెలితిప్పకుండా పాదాలతో తిరుగు. డెడ్‌లిఫ్ట్ చేసే చాంపియన్ పాటించేదీ ఇవే సూత్రాలు. మన అమ్మలు నలభై ఏళ్లకే నడుము పట్టుకుని కూర్చోవడం చూస్తున్నాం. అది తలరాత కాదు. కొంత రోడ్డు లేకపోవడం వల్ల, కొంత ఎవరూ ఈ లెక్క చెప్పకపోవడం వల్ల. రోడ్డు కోసం అడుగుదాం. ఈ లోపు లెక్క మనం చెబుదాం.

ఆటలోనూ ఆట బయటా నిలబడ్డ మనిషి మనకూ ఉన్నాడు. జైపాల్ సింగ్ ముండా 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గొంతెత్తాడు. మెకంజీ గురించి చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఇద్దరూ ఆటలో సంపాదించిన పేరును తమ దగ్గరే దాచుకోలేదు.

2006లో దక్షిణాఫ్రికా తన క్రీడా గౌరవ మందిరంలో మెకంజీ పేరు చేర్చింది. అప్పటికి ఆయన వయసు డెబ్బై. కార్డిఫ్ జట్టులో పేరు లేకుండా పోయి 48 ఏళ్లు.

టీచర్లకు ఒక మాట. మన బడిలో పొట్టిగా, బక్కగా, మాట తడబడుతూ, మూల కూర్చునే పిల్ల ఒకతి ఉంటుంది. సెలవుల్లో ఆమె ఎంత బరువు మోసి వచ్చిందో మనకు తెలియదు. జట్టు ఎంపిక చేసేటప్పుడు ముందు ఆ పిల్లనూ పిలిచి ఒకసారి ఎత్తించి చూడండి. ఎంత ఎత్తిందో నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. యువతకు ఒక మాట. బలం పెంచుకోండి, మోకాళ్లు వంచి ఎత్తండి. ఎవరైనా 'నువ్వూ రావచ్చు, కానీ వేరుగా కూర్చో' అంటే ఏం చెప్పాలో మెకంజీ 1963లోనే చెప్పి పెట్టాడు.